జెడ్ యాక్సిస్ తప్పినప్పుడల్లా అంకె రాసుకున్నాం: చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మిషనుతో ఆరేళ్లు

ప్లేటులో 28 గుంటలు. అన్నిటి లోతూ 4.50 మిల్లీమీటర్లే ఉండాలి. మొదటిది 4.51 వచ్చింది. పదోది 4.60. ఆఖరిది 4.82. మాత్రలను స్ట్రిప్పుల్లో సర్దే ప్యాకింగ్ మిషనుకు బిగించే అల్యూమినియం ఫార్మింగ్ ప్లేటు అది. గుంట లోతు పెరిగితే వేడి చేసిన పీవీసీ ఫిల్మ్ అక్కడ ఎక్కువ సాగి పలుచబడుతుంది. అలాంటి ప్లేటు పంపితే జీడిమెట్ల మందుల కంపెనీలో నాణ్యత చూసేవారు గుమ్మంలోంచే వెనక్కి పంపుతారు. కంప్యూటర్ ఆదేశాలతో లోహాన్ని కోసే మా సీఎన్‌సీ మిషను కొన్న మూడో నెలలో జరిగిందిది. కట్టర్‌ను పట్టుకున్న తల పైకీ కిందికీ కదిలే దారే జెడ్ యాక్సిస్. దాని స్థానం తప్పడం అనే మాట మా షెడ్డులో మొదటిసారి వినబడింది ఆ రోజే. తర్వాతి ఆరేళ్లలో అదే మాట ఐదు వేర్వేరు కారణాలతో వినబడింది. ఈ సమీక్షలో మిషను గురించి మిగతా సంగతులు కొన్నే చెబుతాను, జెడ్ గురించి మాత్రం వివరంగా చెబుతాను. ఈ తరహా మిషను కొనాలనుకునేవారిని ఏడిపించేది అదే.

మా షెడ్డు హైదరాబాద్ బాలానగర్‌లో. నేను అక్కడి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో టూల్ అండ్ డై డిప్లొమా చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, తర్వాత పెదనాన్న లేత్ షెడ్డునే పెద్దది చేసుకున్నాను. 2019లో ఈ మిషను కొన్నాం. చౌరస్తాలో వంతెన పనులు సాగుతున్న రోజులవి. పగలు లారీ లోపలికి తిరిగే వీల్లేక రాత్రి పది దాటాక దించుకున్నాం. బరువు దాదాపు 700 కిలోలు, ధర అన్నీ కలిపి నాలుగున్నర లక్షలు. మూడు యాక్సిస్‌లకూ స్టెప్పర్ మోటార్లు (ఒక్కో పల్స్‌కు ఒక్కో చిన్న అడుగు తిరిగేవి), 5 మిల్లీమీటర్ల పిచ్ ఉన్న, అంటే చుట్టుకు అంత దూరం కదిపే బాల్‌స్క్రూలు, కంప్యూటర్ నుంచి పల్స్‌లు పంపే కంట్రోలు. టూల్ చేత్తోనే మార్చుకోవాలి. తయారీదారు పేరు రాయడం లేదు. ఈ తరగతి మిషన్లన్నిటి పొందికా దాదాపు ఒకటే కాబట్టి, పేరు లేకపోయినా చెప్పేది మీకు పనికొస్తుంది.

ముందు మంచి చెప్పాలి. పోత గట్టిది. బెడ్, కాలమ్ ఆరేళ్లలో కదల్లేదు. టేబుల్‌ను అడ్డంగా కదిపే ఎక్స్, వై యాక్సిస్‌లు ఇప్పటికీ 300 మిల్లీమీటర్ల దూరంలో మిల్లీమీటరులో వందో వంతు, రెండు వందో వంతులకు మించి తేడా చూపవు. స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే ఇరుసు) బేరింగులు ఒక్కసారి కూడా మార్చలేదు. అల్యూమినియం, ఇత్తడి, డెల్రిన్ ప్లాస్టిక్ పనులకు దీని మీద ఫిర్యాదు లేదు. మైల్డ్ స్టీలు కూడా ఓపికగా కోస్తుంది. తీసుకున్న అప్పు మూడేళ్లలో ఇదే తీర్చింది.

ఇక జెడ్.

ఆ మొదటి ప్లేటు పాడైన రోజు అందరం ఆపరేటర్‌ను అనుమానించాం. ఆ కుర్రాడికి అప్పుడు ఇరవై ఏళ్లు. "అక్కా, ఆఫ్‌సెట్ నేను ముట్టుకోలేదు" అని మూడుసార్లు చెప్పాడు. ఆఫ్‌సెట్, అంటే కట్టర్ ఎత్తుకు పెట్టుకున్న సున్నా, తప్పయితే 28 గుంటలూ ఒకేలా తప్పాలి. ఇక్కడ వరుసగా ఒకదాన్ని మించి ఒకటి లోతుగా వెళ్లాయి. ఆ తేడా నేను వెంటనే చూసి ఉండాల్సింది. కుర్రాడిని అనవసరంగా నొప్పించాను, తర్వాత క్షమాపణ కూడా చెప్పాను.

నిజానికి ఆ రోజు జెడ్ యాక్సిస్ ఒక్క మైక్రాను కూడా తప్పలేదు. జారింది కట్టర్. ఎండ్‌మిల్ (గుంటలు కోసే కట్టర్) మీది మెలిక కుడివైపు ఉంటుంది. అది లోహంలో తిరుగుతుంటే కోత బలంలో కొంత భాగం కట్టర్‌ను కోలెట్ (దాన్ని పట్టి బిగించే చీలికల గొట్టం) నుంచి కిందికి లాగుతుంది. కోలెట్ లోపల కొంచెం నూనె ఉన్నా, నట్ సరిగ్గా బిగించకపోయినా కట్టర్ వెంట్రుకవాసి చొప్పున దిగుతూ ఉంటుంది. గుంట లోతవుతుంది, మనం జెడ్‌ను తిట్టుకుంటాం. దీన్ని పట్టుకోవడానికి ఖర్చయింది ఒక మార్కర్ పెన్ను మాత్రమే. కోలెట్ అంచును ఆనుకుని కట్టర్ చుట్టూ నల్ల గీత గీశాం. రెండో ప్లేటు అయ్యేసరికి ఆ గీతకూ కోలెట్‌కూ మధ్య తెల్లటి ఉక్కు సన్నగా మెరుస్తూ కనబడింది. అప్పటి నుంచి కోలెట్‌లు, కట్టర్ షాంకులు (కోలెట్‌లోకి దూరే మొదళ్లు) స్పిరిట్‌తో తుడిచాకే బిగిస్తాం. కోలెట్‌ను ముందు నట్‌లోకి టిక్కుమనేలా ఎక్కించి, ఆ తర్వాతే స్పిండిల్‌కు పెడతాం. అరిగిన కోలెట్లు తీసేసి రాణిగంజ్ నుంచి కొత్తవి తెచ్చుకున్నాం. లోతు ముఖ్యమైన ప్లేటుకు ఇప్పటికీ నల్ల గీత గీస్తాం.

అందుకే నా మొదటి సలహా ఇది. జెడ్ తప్పిందని అనిపించగానే కట్టర్ మొన దగ్గర కొలవకండి. డయల్ గేజిని బేసుతో సహా టేబుల్ మీద నిలిపి, దాని మొన స్పిండిల్ ముక్కుకు తగిలేలా పెట్టండి. జెడ్‌ను తెలిసిన ఎత్తుకు తెచ్చి డయల్‌ను సున్నాకు తిప్పండి. డయల్ తీయకుండా టేబుల్‌ను పక్కకు జరిపి ప్రోగ్రాం నడిపించి, మళ్లీ అదే చోటికి వచ్చి చదవండి. డయల్ సున్నా దగ్గరే ఉండి జాబ్ మాత్రం తప్పితే, తప్పు స్పిండిల్ కింద ఉన్నట్టు: కట్టర్, కోలెట్, వైస్, లేదా వైస్‌లో లేచిన ముక్క. డయల్ కూడా తప్పితే అప్పుడు జెడ్ యాక్సిస్ దగ్గరకు వెళ్లాలి. ఈ విభజన చేయకుండా మోటారు విప్పినవారిని మా వీధిలో నలుగురిని చూశాను.

2020 ఆఖరులో అసలు తప్పు మొదలైంది. ఈసారి డయల్ కూడా తప్పింది. ఎనిమిది, తొమ్మిది గుంటలు చక్కగా 4.50 వచ్చేవి. తర్వాతిది హఠాత్తుగా 4.60. మరి కొన్ని అలాగే వచ్చి, ఒకటి 4.80కి దూకేది. వారంలో రెండు ప్లేట్లు పోయాయి. అమ్మినవారికి ఫోను చేస్తే "వేగం తగ్గించి చూడండి మేడం" అన్నారు. అంతకు మించి ఏమీ చెప్పలేదు, మనిషినీ పంపలేదు. వేగం తగ్గిస్తే తప్పడం తగ్గిన మాట నిజమే. కానీ ఎందుకు తప్పుతోందో తెలియలేదు, పని సమయం మూడోవంతు పెరిగింది.

ఆ ఆదివారం పెదనాన్న షెడ్డుకు వచ్చారు. ఆయనకు సీఎన్‌సీ తెలియదు. నలభై ఏళ్లు లేత్ మీద, చేత్తో తిప్పే మిల్లింగ్ మిషన్ల మీద పనిచేసిన మనిషి.

"ఎంత తప్పిందమ్మా?"

"పాయింట్ మూడు, పెదనాన్నా."

"ఎప్పుడూ అంతేనా?"

"లేదు, ఒక్కోసారి పాయింట్ ఒకటి, ఒక్కోసారి రెండు."

"మధ్యలో పాయింట్ ఒకటిన్నర ఎప్పుడైనా వచ్చిందా?"

నా దగ్గర జవాబు లేదు. కుర్రాడి తనిఖీ కాగితాలన్నీ తీసి వరుసగా పరిచాం. 4.60, 4.61, 4.70, 4.80, 4.79. కొలతలో వచ్చే వందో వంతు తేడా తీసేస్తే, అన్నీ 0.1 గుణిజాలే. ఒకటిన్నర ఎక్కడా లేదు. "అయితే అది ఏదో పళ్ల చక్రంలా దూకుతోంది, జారడం లేదు" అన్నారు పెదనాన్న.

ఆయన మాటలో ఎంత నిజం ఉందో ఆ రాత్రి కాగితం మీద లెక్క వేస్తే తెలిసింది. మామూలు స్టెప్పర్ మోటారు రోటరుకు 50 పళ్లు ఉంటాయి. ఫుల్ స్టెప్పులు చుట్టుకు 200, అంటే పన్నుకు నాలుగు. మోటారుకు దాని శక్తికి మించిన బరువు పడితే అది కొంచెం కొంచెంగా జారదు. అయస్కాంత పట్టు ఒక్కసారిగా విడిపోయి పక్క పన్ను దగ్గర మళ్లీ పట్టుకుంటుంది. ఒక పన్ను అంటే చుట్టులో 50వ వంతు. మా స్క్రూ చుట్టుకు 5 మిల్లీమీటర్లు కదులుతుంది. దానిలో 50వ వంతు సరిగ్గా 0.1. రెండు పళ్లు దూకితే 0.2, మూడు దూకితే 0.3. మోటారు నేరుగా స్క్రూకు కలిపి ఉన్న మిషన్లన్నిటికీ ఈ లెక్క వర్తిస్తుంది. పిచ్ 4 అయితే 0.08 గుణిజాలు, 10 అయితే 0.2 గుణిజాలు. మధ్యలో బెల్టు ఉంటే ఆ నిష్పత్తితో భాగించుకోవాలి. మోటారు ఓడిపోతోందా, ఇంకేదైనా జారుతోందా అన్నది విప్పకుండానే కొలత చెప్పేస్తుంది. ఆరేళ్లలో ఇంతకంటే విలువైనది నేనేమీ నేర్చుకోలేదు.

ఏ దిశలో ఓడిపోతోందో కూడా కొలతే చెప్పింది. గుంటలు లోతవుతున్నాయంటే తల కంట్రోలు అనుకున్న దానికంటే కింద ఉంది. అంటే పైకి లేచేటప్పుడు మోటారు చేతులెత్తేసింది. దిగేటప్పుడు ఓడిపోతే గుంటల లోతు తగ్గుతుంది. పైకి లేపడం కష్టమవుతోందంటే సందేహం తల బరువు మీదికి, దాన్ని మోసే గ్యాస్ కడ్డీల మీదికి వెళ్తుంది. కారు డిక్కీ తలుపును పైన నిలిపి ఉంచే కడ్డీలాంటివే అవి. కాలం గడిచేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గిపోతుంది. కానీ నాకు లెక్క కుదరలేదు. మా తల బరువు సుమారు 60 కిలోలు. కడ్డీలు అసలు లేవనుకున్నా, 5 మిల్లీమీటర్ల స్క్రూతో 60 కిలోలను లేపడానికి అర న్యూటన్ మీటరు టార్క్ చాలు. ఈ మోటారు నిలబడి ఉన్నప్పుడు దానికి ఎన్నో రెట్లు పట్టగలదు. వేగం పెరిగేకొద్దీ స్టెప్పర్ పట్టు తగ్గుతుందన్నది నిజమే. అయినా బరువు ఒక్కటే ఇంత పని చేయదనిపించింది.

కప్లింగ్ (మోటారునూ స్క్రూనూ కలిపే ముక్క) వదులు చేసి, తల కింద కర్ర దిమ్మె పెట్టి, స్క్రూను రెంచితో చేత్తో తిప్పి చూశాం. కింది భాగంలో సాఫీగా తిరిగింది. నడి ఎత్తుకు వచ్చేసరికి బిగుసుకుంది. ఆ చోటే మేం రోజంతా పనిచేసేది. మడతల తొడుగు విప్పి లైటు వేసి చూస్తే నా గుండె జారింది. స్లైడు (తల జారే దారి) పొడిగా, బూడిద రంగులో ఉంది. వేలు పెట్టి రాస్తే నూనె తగలాల్సిన చోట గరగరలాడింది. తెల్ల గుడ్డతో తుడిస్తే నల్లటి ముద్ద వచ్చింది, దానిలో అల్యూమినియం పొడి మిలమిలలాడింది. కుర్రాడు ప్రతి ఉదయం నూనె పంపు మీట లాగుతూనే ఉన్నాడు. ఆ నూనె ఎక్స్‌కు, వైకు వెళ్తోంది, జెడ్‌కు నూనెను కొలిచి వదిలే సన్నటి మీటరింగ్ ముక్క మాత్రం గట్టిపడిన పాత నూనెతో మూసుకుపోయి ఉంది. పంపు దగ్గర నిలబడినవాడికి ఆ సంగతి తెలిసే మార్గమే లేదు. ఈ మిషను రూపకల్పనలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. బరువు మోసే యాక్సిస్‌కే నూనె గొట్టం అన్నిటికంటే పొడుగ్గా, అన్నిటికంటే పైకి వెళ్తుంది. నూనె చేరిందో లేదో చూసుకోవడానికి ఒక్క కిటికీ కూడా లేదు.

మీటరింగ్ ముక్క మార్చాం, స్లైడు శుభ్రం చేసి గిబ్ (స్లైడు వదులును సర్దే పట్టీ) మళ్లీ సర్దాం, రెండు గ్యాస్ కడ్డీలూ కొత్తవి వేశాం. పాతవాటిని చేత్తో నొక్కితే ఒకటి సులువుగా లోపలికి దిగింది, అంటే దానిలో సత్తువ అప్పటికే పోయింది. జెడ్ డ్రైవులో (మోటారుకు కరెంటు ఇచ్చి నడిపే పెట్టె) ఇంకో సంగతి కూడా బయటపడింది. మోటారు ఆగి ఉన్నప్పుడు కరెంటును సగానికి తగ్గించే స్విచ్ వేసి ఉంది. మోటారు వేడెక్కకుండా అది ఎక్స్‌కు, వైకు మంచిదే. తలను గాలిలో పట్టుకుని ఉండాల్సిన జెడ్‌కు మాత్రం నేను ఉంచలేదు. ఆ పనులన్నీ చేశాక పాత వేగంతోనే నడిపాం, ఎక్కే వేగం పుంజుకునే రేటు మాత్రం కొంచెం తగ్గించాం. 0.1 గుణిజాలు మళ్లీ రావడానికి ఏడాదిన్నర పట్టింది. అప్పుడూ మీటరింగ్ ముక్కే. ఇప్పుడు ఆరు నెలలకోసారి దాన్ని మారుస్తాం, ముక్క ఖరీదు కూడా పెద్దగా ఏమీ లేదు.

2021లో వచ్చిన తప్పు వేరే రకం. జెడ్ డ్రైవు కాలిపోతే వేరే తయారీది తెచ్చి వేశాం. తర్వాతి వారం ఒక ప్లేటుకు 24 రంధ్రాలు, ఎం6 (6 మిల్లీమీటర్ల బోల్టు) మర తీయడానికి, అడుగు దాకా వెళ్లనివి, లోతు 14 మిల్లీమీటర్లు. రంధ్రానికి ఐదుసార్లు దిగి లేచే డ్రిల్లింగు ఆదేశం, జీ83 సైకిల్. మొదటి రంధ్రం 14.0, చివరిది 14.75 వచ్చింది. మధ్యవన్నీ మెట్లు మెట్లుగా కాకుండా నున్నగా, సమానంగా పెరుగుతూ పోయాయి. 0.1 గుణిజం లేదు, దూకుడు లేదు. ఈసారి మోటారును అనుమానించలేదు. మొత్తం తేడాను దిగి లేచిన సంఖ్యతో భాగించాను. 24 రంధ్రాలు, ఐదేసి సార్లు, 120 రాకపోకలు. 0.75ను 120తో భాగిస్తే 0.00625. మా డ్రైవు ఫుల్ స్టెప్పును ఎనిమిది భాగాలు చేస్తుంది. చుట్టుకు 1600 పల్స్‌లు, మిల్లీమీటరుకు 320, పల్స్‌కు 0.003125. అంటే ప్రతి రాకపోకకూ సరిగ్గా రెండు పల్స్‌లు పోతున్నాయి.

రెండే ఎందుకు? పైకి వెళ్లాల్సిన ఒక పల్స్ కిందికి వెళ్తే, పోయింది ఒకటి, తప్పు దిశలో చేరింది ఇంకొకటి. తేడా రెండు. దిశ మార్చమని కంట్రోలు చెప్పిన క్షణంలోనే పల్స్ కూడా పంపితే, కొత్త డ్రైవు ఆ దిశ మార్పును గ్రహించే లోపే పల్స్ వచ్చేస్తోంది. పాత డ్రైవు వేగంగా గ్రహించేది, ఇది కొన్ని మైక్రోసెకన్లు ఎక్కువ అడుగుతుంది. డ్రైవుతో వచ్చిన కాగితంలో ఆ వ్యవధి రాసే ఉంది, మేం చదవలేదు. కంట్రోలు సెట్టింగులలో దిశకూ పల్స్‌కూ మధ్య విరామం పెంచితే తప్పు అక్కడికక్కడే పోయింది. రూపాయి ఖర్చు లేదు. డ్రైవు మార్చిన రోజే జెడ్‌ను గాలిలో రెండు వందలసార్లు పైకీ కిందికీ ఆడించి డయల్ చూసి ఉంటే ఆ ప్లేటు దక్కేది. ఇప్పుడు ఏ డ్రైవు మార్చినా ముందు ఆ పరీక్షే.

కప్లింగ్ కథ చిన్నది. 2022లో తప్పులు ఏ లెక్కకూ అందకుండా వచ్చాయి. 0.04 ఒకసారి, 0.17 ఇంకోసారి, ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి. లెక్కకు అందకపోవడమే ఆనవాలు. మోటారు షాఫ్టు నుంచి కప్లింగ్ మీదుగా స్క్రూ దాకా మార్కర్‌తో ఒకే గీత గీసి పని చేయించాం. సాయంత్రానికి గీత విరిగింది. గ్రబ్ స్క్రూతో బిగించే కప్లింగ్ అది, షాఫ్టు మీద జారుతోంది. చుట్టూ పట్టి బిగించే రకం వేశాం. ఆ పనిలో ఉండగానే స్క్రూ పైన బేరింగును బిగించే లాక్‌నట్ కూడా పావు చుట్టు వదులైనట్టు తెలిసింది. కర్ర ముక్కతో తలను పైకి నెట్టి డయల్ చూస్తే 0.03 ఆడింది. అదీ సరిచేశాం. వైర్ల సంగతీ ఇక్కడే చెప్పేస్తాను: స్పిండిల్ మోటారును నడిపే ఇన్వర్టర్ కేబుల్, జెడ్ పల్స్ వైరు ఒకే పట్టీలో కట్టి పంపారు. అది మాకు హాని చేసిందని నిరూపించలేను, అయినా వేరు చేశాను. షీల్డు వైరును ఒక్క కొసనే ఎర్త్ చేశాను. మీరూ కొన్న మొదటి వారంలోనే అది చూసుకోండి.

మే నెల ఎండల్లో మాత్రం తప్పు కానిది తప్పుగా కనబడుతుంది. మాది సిమెంటు రేకుల కప్పు. బయట 42 డిగ్రీలున్న రోజు లోపల ఇంకా ఉక్కగా ఉంటుంది. ఉదయం సున్నా పెట్టుకుని మధ్యాహ్నానికి చూస్తే జెడ్ నాలుగైదు వందో వంతులు కిందికి వచ్చి ఉంటుంది. ఇది కూడా స్థానం తప్పడమేనని కుర్రాడు కంగారు పడ్డాడు. ఉక్కు మీటరుకు డిగ్రీకి దాదాపు 12 మైక్రాన్లు పెరుగుతుంది. స్పిండిల్, తల, స్క్రూ వేడెక్కితే అర మీటరు పొడవు మీద పది డిగ్రీలకే 60 మైక్రాన్లు. దాన్ని గుర్తించే తీరు సులువు. రాత్రి చల్లారాక మర్నాడు డయల్ తనంతట తానే సున్నాకు వచ్చేస్తుంది. పోయిన స్టెప్పు అలా తిరిగి రాదు. ఎండాకాలం స్పిండిల్‌ను ఇరవై నిమిషాలు ఖాళీగా తిప్పి, తర్వాతే సున్నా పెడతాం. చివరి కోతకు ముందు మళ్లీ ఒకసారి తాకించి చూస్తాం.

కరెంటు పోవడం గురించి కూడా జాగ్రత్త చెప్పాలి. బాల్‌స్క్రూ తనంతట తాను బిగుసుకోదు. డ్రైవుకు విద్యుత్తు పోతే గ్యాస్ కడ్డీలు బలహీనంగా ఉన్న తల మెల్లగా కిందికి దిగుతుంది. ఈ మిషను జెడ్ మోటారుకు బ్రేకు లేదు. ఒకసారి జాబ్ మధ్యలో కరెంటు పోయి, 8 మిల్లీమీటర్ల కార్బైడ్ కట్టర్ ప్లేటులో దిగబడి విరిగింది. ఇప్పుడు కంట్రోలుకు, జెడ్ డ్రైవుకు యూపీఎస్ ఉంది. తల ఎత్తి కట్టర్‌ను బయటికి తెచ్చుకునేంత సమయం చాలు. కరెంటు వచ్చాక పాత సున్నా మీద నమ్మకంతో పని మొదలుపెట్టకూడదు, హోమింగ్ (తలను సెన్సార్ దాకా పంపి మొదటి స్థానం మళ్లీ పట్టించడం) చేయాల్సిందే. మా హోమ్ సెన్సార్ రెండు వందో వంతుల లోపే తిరిగి పట్టుకుంటుంది. లోతు ముఖ్యమైన జాబ్‌కు అదీ చాలదు, స్లిప్ గేజితో (కచ్చితమైన మందం ఉన్న ఉక్కు దిమ్మె) మళ్లీ తాకిస్తాం. పక్క షెడ్డులో పెద్ద వర్టికల్ మెషీనింగ్ సెంటర్ ఉంది, సర్వో మోటార్లది. వాళ్ల బాధ ఇంకో రకం. మోటారు ఎంత తిరిగిందో చదివే ఆబ్సల్యూట్ ఎన్‌కోడర్ స్థానాన్ని గుర్తుపెట్టుకునేది బ్యాటరీ బలంతో. ఫానక్ కంపెనీ కంట్రోలు వాడేవారికి తెలుసు, ఆ బ్యాటరీని మిషను ఆన్‌లో ఉండగానే మార్చాలి. ఆపి మార్చితే రిఫరెన్స్ పోతుంది, 300 నంబరు అలారం వస్తుంది. పెద్ద మిషను కొంటే ఈ చింతలు ఉండవని అనుకునేవారి కోసం ఇది చెప్పాను.

2023లో జెడ్ ఒక్కదానికి క్లోజ్డ్ లూప్ స్టెప్పర్ వేశాం, డ్రైవుతో కలిపి పద్దెనిమిది వేలు. మోటారు వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. చెప్పిన చోటుకూ ఉన్న చోటుకూ తేడా హద్దు దాటితే డ్రైవు అలారం ఇచ్చి మిషనును ఆపేస్తుంది. పాత మోటారు ఓడిపోయినా ఏమీ ఎరగనట్టు కోస్తూ పోయేది. ఇది ఆగిపోతుంది. ఇప్పటికి నాలుగుసార్లు ఆగింది, నాలుగుసార్లూ ప్లేటు దక్కింది. మూడుసార్లు కారణం స్లైడులో నూనె లేకపోవడం, ఒకసారి తొడుగు మడతల్లో ఇరుక్కున్న చెత్త. ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. ఎన్‌కోడర్ మోటారు వెనక ఉంది, తల దగ్గర లేదు. కప్లింగ్ జారినా, లాక్‌నట్ వదులైనా, కట్టర్ దిగినా దానికి కనబడదు. మార్కర్ గీతలు అందుకే ఇంకా ఉన్నాయి.

కొత్తగా ఎవరైనా అడిగితే ఈ తరగతి మిషను కొనమనే చెబుతాను. అల్యూమినియం ప్లేట్లు, ఫిక్చర్లు, చిన్న అచ్చుల పని ఉన్నవారికి ఇది సరిపోతుంది. రోజంతా ఉక్కు కోయాలనుకునేవారు, రాత్రి మనిషి లేకుండా నడపాలనుకునేవారు మాత్రం వద్దు. కొనేటప్పుడు జెడ్‌కు క్లోజ్డ్ లూప్ మోటారు, బ్రేకు ముందే వేయించుకోండి. తర్వాత వేయించుకుంటే ఖర్చు ఎక్కువ, మధ్యలో పోయే ప్లేట్లు దానికి అదనం. అమ్మేవారు డెమోలో పూలు, పేర్లు చెక్కి చూపిస్తారు. దాన్ని చూసి రాకండి. మీ డయల్ గేజి మీరే పట్టుకెళ్లండి. స్పిండిల్ ముక్కుకు పెట్టి, పూర్తి వేగంతో జెడ్‌ను రెండు వందలసార్లు ఆడించమనండి, ముల్లు ఎక్కడ ఆగిందో చూడండి. తర్వాత జెడ్ తొడుగు తీయించి, పంపు మీట లాగించి, స్లైడు మీద నూనె చుక్క మీ కళ్లతో చూడండి. మాకు అమ్మినవారి దగ్గర నేను ఈ రెండూ అడగలేదు.

కుర్రాడు ఇప్పుడు మా షెడ్డు ఫోర్‌మన్. మిషను తలుపు లోపలివైపు ఒక కాగితం అతికించాడు, తన చేతిరాతతో: 0.1 చొప్పున దూకితే నూనె చూడు, మెల్లగా పెరిగితే రాకపోకలు లెక్కపెట్టు, లెక్క లేకుండా వస్తే గీతలు చూడు, రాత్రికి తిరిగొస్తే వదిలెయ్యి. ఈ సోమవారం ఉదయం డయల్ పెట్టి రెండు వందలసార్లు ఆడించి చూశాడు. ముల్లు సున్నా గీత మీదే ఉంది.